మూడు ఇంప్లాంట్లు అడిగితే ఒక్కటే పెట్టిన కేసు

రోగి వయసు 58. ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా పనిచేసి విరమణ తీసుకున్నారు. 11 ఏళ్లుగా షుగరు, కొన్నేళ్లుగా బీపీ. కింది దవడ ఎడమవైపు రెండు దంతాలు లేవు. మొదటి పెద్ద నమిలే పన్ను (మా లెక్కలో 36) పుచ్చిపోతే ఐదేళ్ల కిందట తీయించారు. దాని వెనక పన్ను (37) కదిలిపోతే కిందటి ఏడాది తీయించారు. పైదవడలో అదే వైపు రెండో పెద్ద పన్ను (27) ఆమె ఉద్యోగంలో చేరిన రోజుల్లోనే పోయింది. జ్ఞానదంతాలు ఎటువైపూ లేవు. ఎడమవైపు నమలలేక అన్నమంతా కుడివైపే నములుతున్నానని ఆమె బాధ.

పోయిన మూడు దంతాలూ ఇంప్లాంట్లతో (దవడ ఎముకలో బిగించి, పైన పన్ను కట్టే లోహపు వేళ్లతో) పెట్టించుకోవాలి, అమెరికా నుంచి వచ్చిన కొడుకు మూడు వారాల సెలవు ముగిసేలోగా పని పూర్తవ్వాలి అని వచ్చారు. వేరే చోట మూడు ఇంప్లాంట్లకు, రెండు చోట్ల ఎముక చాలనప్పుడు నింపే ఎముక పొడికి కలిపి రాయించుకున్న అంచనా కాగితం కూడా వెంట తెచ్చారు.

చివరికి మేం పెట్టింది ఒక్క ఇంప్లాంటు. ఆమె మొదట వచ్చిన రోజు నుంచి దాని మీద పన్ను బిగించేవరకు తొమ్మిది నెలలు పట్టింది. ఆపరేషన్ గంటలోపే అయిపోయింది, అందులో చెప్పుకోదగ్గ విశేషం కూడా లేదు. దానికి ముందు ఐదు నెలల్లో తేలిన విషయాలు, తీసుకున్న నిర్ణయాలు మాత్రం ఇంప్లాంటు ఆలోచనలో ఉన్న ప్రతి ఒక్కరికీ పనికివస్తాయి. ఆమె అనుమతి తీసుకుని, పేరూ ఊరూ వదిలేసి రాస్తున్నాను.

మందుల కవరు

ఏ మందులు వాడుతున్నారని అడిగితే షుగరు మాత్రలు, బీపీ మాత్ర అని చెప్పారు. మేం నోటిమాటతో సరిపెట్టుకోం. ఇంట్లో వాడుతున్న మందులన్నీ, వారానికో నెలకో వేసుకునేవి కూడా, ఒక కవర్లో వేసుకుని రమ్మంటాం. రెండోసారి వచ్చినప్పుడు ఆ కవర్లో అడుగున నాలుగు మాత్రలున్న చిన్న స్ట్రిప్పు కనిపించింది. అలెండ్రోనేట్, 70 మిల్లీగ్రాములు.

“అది రోజూ వేసుకునేది కాదు డాక్టరుగారూ. ఆదివారం పరగడుపున వేసుకునే ఎముకల బిళ్ళ. దానికీ పంటికీ ఏం సంబంధమని చెప్పలేదు” అన్నారామె.

సంబంధం చాలా ఉంది. మన ఎముక ఎప్పుడూ పాత భాగాన్ని కరిగించుకుంటూ కొత్తది కట్టుకుంటూ ఉంటుంది. ఎముకలు గుల్లబారే జబ్బుకు ఇచ్చే ఈ రకం మందులు ఆ కరగడాన్ని అణచివేస్తాయి. వెన్నుపూసకూ తుంటికీ అది మేలు. కానీ దవడ ఎముకకు గాయమైనప్పుడు, అంటే పన్ను తీసినా ఇంప్లాంటుకు రంధ్రం చేసినా, మానడానికి ఆ కరగడం, కట్టుకోవడం రెండూ కావాలి. అరుదుగా కొందరిలో గాయం మానకుండా దవడ ఎముక బయటికి తేలి చచ్చుబడిపోతుంది. వారానికో మాత్ర వేసుకునేవారిలో ఈ ప్రమాదం చాలా తక్కువ. క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు నరం ద్వారా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ వంటి మందులు పెద్ద మోతాదులో తీసుకుంటున్నవారిలో చాలా ఎక్కువ. అలాంటివారికి నేను ఇంప్లాంటు పెట్టను. ఎముకలు గుల్లబారే జబ్బుకే ఆరు నెలలకొకసారి చర్మం కింద వేసే డెనోసుమాబ్ ఇంజెక్షను గురించి కూడా తప్పకుండా చెప్పాలి. పంటి పని ఉందని దాన్ని సొంతంగా మానేస్తే ఎముక సాంద్రత వేగంగా పడిపోయి వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. రక్తం గడ్డకట్టకుండా గుండె కోసం వేసుకునే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రల విషయమూ అంతే. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరూ మేమూ కలిసి తేల్చాలి, రోగి కాదు.

ఈమె ఆ మాత్ర మొదలుపెట్టి రెండేళ్లయింది. ఈ ప్రమాదాన్ని పెంచే స్టెరాయిడ్లు వాడటం లేదు. ఆమెను చూస్తున్న వైద్యుడితో మాట్లాడాం. మాత్ర కొనసాగించాలని, ఆపరేషన్ చేయవచ్చని నిర్ణయించుకున్నాం. తక్కువే అయినా ఉన్న ప్రమాదాన్ని తెలుగులో కాగితం మీద రాసి, చదివి వినిపించి సంతకం తీసుకున్నాం.

పొగాకు గురించి అడగడం మా దగ్గర మగవాళ్లతో ఆగిపోదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు కొందరికి అడ్డపొగ అలవాటు ఉంది, చుట్ట నిప్పు లోపలివైపుకు పెట్టుకుని తాగుతారు. పొగ తాగేవారిలో ఇంప్లాంట్లు విఫలమవడం ఎక్కువ. అడ్డపొగ వల్ల అంగిట్లో మచ్చలు, పుండ్లు వస్తాయి, క్యాన్సర్ కూడా రావచ్చు. అడగకపోతే ఎవరూ తమంత తాము చెప్పరు. ఈమెకు ఏ రూపంలోనూ పొగాకు అలవాటు లేదు.

షుగరు, చిగుళ్ళు

హెచ్‌బీఏ1సీ 9.2 వచ్చింది. ఉదయం పరగడుపున చూసుకునే షుగరు బాగానే ఉంటోందని ఆమె ధీమా. పరీక్ష ముందు రెండు రోజులు జాగ్రత్తగా తింటే ఆ అంకె దిగుతుంది, కానీ హెచ్‌బీఏ1సీ అలా మారదు. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు, అందుకే ఈ పరీక్ష గత రెండు మూడు నెలల సగటును చూపిస్తుంది. షుగరు అదుపులో ఉన్నవారిలో ఇంప్లాంట్లు దాదాపు మిగతావారిలో లాగే నిలుస్తాయి. అదుపులో లేనప్పుడు గాయం మెల్లగా మానుతుంది, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. నేను 7.5 దాటితే వాయిదా వేస్తాను. ఇది నేను పెట్టుకున్న గీత, ఇంకో డాక్టరు 8 అనవచ్చు. 9.2 దగ్గర మాత్రం ఎవరైనా ఆగాల్సిందే.

నోట్లో చూస్తే కింది ముందు పళ్ళ లోపలివైపు గార గట్టిగా పేరుకుంది. కుడివైపు వెనక దంతాల చుట్టూ చిగురు 5, 6 మిల్లీమీటర్ల లోతుకు పంటిని వదిలేసింది, కొలిచే పుల్ల తగిలితే రక్తం వస్తోంది. 37 పుచ్చకుండానే కదిలి ఊడింది కాబట్టి ఆ పన్ను పోయింది చిగుళ్ళ జబ్బుతోనే అనుకోవాలి. ఆ జబ్బు ఇంకా నోట్లో ఉండగా అక్కడ ఇంప్లాంటు పెడితే ఏమవుతుంది? ఇంప్లాంటు లోహం కాబట్టి పుచ్చదు. కానీ దాన్ని పట్టుకున్న ఎముకను అవే సూక్ష్మజీవులు తినేస్తాయి. నొప్పి ఉండదు, చాలామందికి కదలడం మొదలయ్యాకే తెలుస్తుంది, అప్పటికి తీసేయడం తప్ప దారి ఉండదు.

కొడుకుతో ఈ మాటలన్నీ చెప్పాను. ఆయన వినయంగానే అడిగారు: “ఒక్క రోజులో పళ్ళు పెడతామని ప్రకటనలు చూస్తున్నాం కదండీ. నేను ఉండగా అయిపోతే అమ్మకు తోడుగా ఉంటాను.” ఆ ఆరాటం నాకు అర్థమవుతుంది. సముద్రాల అవతల ఉన్న పిల్లలకు అమ్మానాన్నల వైద్యం సెలవుల్లో ఇమడాల్సి వస్తోంది. డబ్బు పంపగలరు, పక్కన ఉండలేరు.

ఒక్క రోజులో పెట్టడం అబద్ధం కాదు. ఎముక దండిగా ఉండి, ఇంప్లాంటు బిగుతుగా కూర్చుని, నాలుగైదు ఇంప్లాంట్లను ఒకదానితో ఒకటి కలిపి కట్టగలిగినప్పుడు అదే రోజు తాత్కాలిక దంతాలు పెట్టవచ్చు. ఒంటరిగా నిలబడి నమిలే భారమంతా మోయాల్సిన వెనక దంతానికి, అదీ చుట్టూ ఎముక పేర్చాల్సిన చోట, నేను అలా చేయను. స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ 1952లో కుందేలు కాలి ఎముకలో అమర్చిన టైటానియం గొట్టాన్ని తిరిగి తీయబోతే రాలేదు, ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. గోథెన్‌బర్గ్‌లో ఆయన 1965లో మొదటి రోగి కింది దవడలో ఇంప్లాంట్లు పెట్టినప్పుడు వాటి మీద భారం పడకుండా నెలల తరబడి ఆగారు. ఆ రోగి 2006లో కన్నుమూసేవరకు, అంటే నలభై ఏళ్లకు పైగా, ఆ ఇంప్లాంట్లు పనిచేశాయి. ఇప్పటి ఇంప్లాంట్ల పైపొర గరుకుగా ఉండటం వల్ల ఆ గడువు తగ్గింది, అయినా కింది దవడలో సుమారు మూడు నెలలు, మెత్తని ఎముక ఉండే పైదవడ వెనక భాగంలో అంతకన్నా ఎక్కువ ఆగడం మంచిది.

కొడుకు సెలవు ముగిసి వెళ్లిపోయారు. ఆమెకు గార తీసి, చిగురు కింద పంటి వేళ్ల వరకు శుభ్రం చేసి, పళ్ళ మధ్య తోమే సన్నని బ్రష్ వాడకం నేర్పాం. ఆమె వైద్యుడు షుగరు మందులు మార్చారు. రాత్రి అన్నానికి బదులు రొట్టె తింటున్నానని, సాయంత్రం నడుస్తున్నానని ఫోనులో చెప్పేవారు. నాలుగు నెలలు దాటాక హెచ్‌బీఏ1సీ 7.1. చిగుళ్ళ లోతు చాలాచోట్ల 3, 4 మిల్లీమీటర్లకు వచ్చింది, రక్తం కారడం దాదాపు ఆగింది.

ఎన్ని పెట్టాలి

దవడను త్రీడీలో చూపే సీబీసీటీ స్కానులో 36 చోట ఎముక అంచు నుంచి కింద నరం వెళ్లే కాలువ వరకు 13 మిల్లీమీటర్ల ఎత్తు ఉంది. ఆ నరం దెబ్బతింటే కింది పెదవి, గడ్డం మొద్దుబారతాయి, ఒక్కోసారి తిమ్మిరి ఎప్పటికీ పోదు. అందుకే కాలువకు పైన కనీసం 2 మిల్లీమీటర్లు ముట్టకుండా వదిలేస్తాం. మామూలు ఎక్స్‌రేలో ఎత్తు తెలుస్తుంది గాని వెడల్పు తెలియదు, నాలుకవైపు ఎముక లోపలికి ఎంత గుంటపడిందో తెలియదు. ఆ గుంట వైపు డ్రిల్లు పోతే నోటి అడుగున ఆగని రక్తస్రావం కావచ్చు. ఈమె 36 చోట అంచు వెడల్పు 5 మిల్లీమీటర్లే. ఐదేళ్లు ఖాళీగా ఉన్న ఫలితమది. పన్ను తీసిన తొలి ఏడాదిలోనే అక్కడి ఎముక వెడల్పు సగం దాకా తగ్గవచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతుంది. “తర్వాత చూద్దాం” అనుకునేవారు పన్ను తీయించే రోజునే ఈ సంగతి తెలుసుకుంటే బాగుండును అనిపిస్తుంది.

ఇంకో చిక్కు పైన ఉంది. ఎదురుగా పన్ను లేకపోయేసరికి పై మొదటి పెద్ద పన్ను (26) 2 మిల్లీమీటర్ల మేర కిందికి దిగింది. కింది చిగురుకీ దానికీ మధ్య ఖాళీ 5 మిల్లీమీటర్లు మాత్రమే, కొత్త పన్ను కట్టడానికి అది చాలదు.

ఇక సంఖ్య విషయం. 27 ఎప్పుడో పోయింది కాబట్టి దానికి ఎదురుగా ఉండాల్సిన 37ను పెడితే అది దేన్నీ నమలదు. పైన 27 పెట్టాలంటే అక్కడ సైనస్ (పైదవడ లోపల ఉండే గాలి గది) కిందికి జారి ఎముక 4 మిల్లీమీటర్లే మిగిలింది, సైనస్ పొరను పైకి లేపి ఎముక నింపే పెద్ద ఆపరేషన్ కావాలి. ఒకదాని కోసం ఇంకొకటి పెట్టడమే తప్ప ఆ జత వల్ల ఈమె భోజనంలో వచ్చే తేడా కొద్దిపాటిదే. చివరి దంతాలు లేకపోయినా ముందు దంతాలు, చిన్న నమిలే దంతాలు, ఒక వరుస పెద్ద దంతాలు ఉంటే చాలామంది హాయిగా తినగలరని నెదర్లాండ్స్ పరిశోధకులు 1980ల నుంచి చూపుతూ వచ్చారు. పోయిన ప్రతి పన్నూ తిరిగి పెట్టాలని నియమమేమీ లేదు. 58 ఏళ్ల షుగరు రోగి దవడలో ఒక్క రంధ్రం తగ్గించగలిగినా అది వైద్యమే అని గట్టిగా నమ్ముతాను.

మిగతా దారులూ ఆమె ముందు పెట్టాం. వెనక ఆసరాగా పన్ను లేదు కాబట్టి మామూలు బ్రిడ్జి కుదరదు, ముందున్న ఆరోగ్యమైన దంతాలకు వేలాడదీస్తే వాటికే చేటు. తీసి పెట్టుకునే పళ్ళ సెట్టు ఖర్చు తక్కువ, ఆపరేషన్ ఉండదు, కానీ ఒకవైపు రెండు పళ్ళ కోసం రెండువైపులా ఊచ నడవాలి. ఏమీ చేయకుండా వదిలేయడమూ ఒక దారే, కాకపోతే 26 ఇంకా దిగుతుంది. ఆమె ఒక్క ఇంప్లాంటుకు ఒప్పుకున్నారు.

ఎముక పొడి ఎక్కడిది?

ఈ ప్రశ్న రోగులు అడగరు, డాక్టర్లు చెప్పరు. మార్కెట్లో బాగా వాడుకలో ఉన్న ఎముక పొడి పశువుల ఎముకతో తయారవుతుంది. దాని మీద కప్పే కొలాజెన్ పొర పశువుది కావచ్చు, పందిది కావచ్చు. కోడిగుడ్డు కూడా ముట్టని ఇంట్లో పెద్దావిడకు, లేదా ఒక ముస్లిం సోదరుడికి, ఈ సంగతి ఆపరేషన్ అయ్యాక తెలిస్తే ఎలా ఉంటుంది? వైద్యపరంగా అవి మంచి పదార్థాలే, చాలామంది అభ్యంతరం పెట్టరు కూడా. కానీ వారి నోట్లో ఏం పెడుతున్నామో ముందుగా చెప్పడం మా బాధ్యత. రోగి సొంత ఎముక తురుము, కృత్రిమ కాల్షియం ఫాస్ఫేట్ పొడి వంటివి బదులుగా ఉన్నాయి. ఈమె చెప్పగానే చేతులు జోడించి “అది మాత్రం వద్దండీ” అన్నారు.

ఆమె మాటతో మా ప్రణాళిక ఇంకా తేలికైంది. సన్నని ఎముక అంచును 1.5 మిల్లీమీటర్లు చదును చేస్తే కింద వెడల్పు 6 మిల్లీమీటర్లు దాటుతుంది, పైన కావాల్సిన ఖాళీ కూడా పెరుగుతుంది, చదును చేసినప్పుడు రాలిన ఎముకే బయటి గోడకు పేర్చడానికి పనికివస్తుంది. ఎత్తు 11.5 మిల్లీమీటర్లకు తగ్గుతుంది కాబట్టి 4.2 మిల్లీమీటర్ల వ్యాసం, 8.5 మిల్లీమీటర్ల పొడవున్న ఇంప్లాంటు ఎంచుకున్నాం. నరానికి 3 మిల్లీమీటర్ల దూరం మిగిలింది.

ఆపరేషన్, ఆ తర్వాత

ఉదయం టిఫిను తిని, రోజూ వేసుకునే మాత్రలు వేసుకుని రమ్మన్నాం. పరగడుపున వస్తే షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. గంట ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు, మొదలుపెట్టే ముందు క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలింత. మత్తు ఆ ప్రాంతానికే. రంధ్రాన్ని సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి దశలవారీగా వెడల్పు చేస్తూ, మొదటి నుంచి చివరి వరకు చల్లని సెలైన్ పోస్తూనే ఉన్నాం. ఎముక 47 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒక్క నిమిషం ఉన్నా దెబ్బతింటుంది, దెబ్బతిన్న ఎముక ఇంప్లాంటును పట్టుకోదు. ఇంప్లాంటు 35 న్యూటన్ సెంటీమీటర్ల బిగువుతో కూర్చుంది. సొంత ఎముక తురుమును బయటివైపు పేర్చి, ఆమె రక్తాన్ని యంత్రంలో తిప్పి తీసిన ఫైబ్రిన్ పొరను కప్పి, చిగురు మూసి కుట్లు వేశాం. మూడు రోజులు బుగ్గ వాచింది. పది రోజులకు కుట్లు తీశాం.

మూడున్నర నెలలకు చిగురు తెరిచి చూస్తే ఇంప్లాంటు గట్టిగా ఉంది. 26 అడుగును ఎనామెల్ దాటకుండా కొద్దిగా అరగదీసి, కొలత తీసుకుని జిర్కోనియా పన్నును సిమెంటుతో అతికించకుండా స్క్రూతో బిగించాం. స్క్రూ అయితే ఎప్పుడైనా విప్పి చూడవచ్చు, చిగురు కిందికి సిమెంటు జారి అక్కడే ఉండిపోయే బెడద ఉండదు.

ఆ రోజు ఎక్కువ సమయం పట్టింది కాటు సరిచేయడానికే. సహజ దంతం వేరు చుట్టూ సన్నని పొర ఉంటుంది, నొక్కితే దంతం పదుల మైక్రాన్ల మేర (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపలికి దిగుతుంది. ఇంప్లాంటుకు ఆ పొర లేదు, అది ఎముకకు నేరుగా అంటుకుని ఉంటుంది, దాదాపు కదలదు. అన్ని దంతాలతో సమానంగా తగిలేలా పెడితే గట్టిగా కొరికినప్పుడు మిగతావి దిగిపోయి భారమంతా దీని మీదే పడుతుంది. అందుకని కొన్ని మైక్రాన్ల మందమున్న రేకును పళ్ళ మధ్య పెట్టి, మెల్లగా మూయమన్నప్పుడు అది జారి బయటికి వచ్చేలా, గట్టిగా కొరకమన్నప్పుడు మాత్రమే పట్టుకునేలా అరగదీశాం. “ఈ పన్ను కొంచెం పొట్టిగా ఉన్నట్టుందే” అన్నారామె. అలాగే ఉండాలమ్మా అని చెప్పి, రేకును కుడివైపు పెట్టి తేడా చూపించాం.

ఆరు నెలల తర్వాత నాలుకవైపు చిగురు ముట్టుకుంటే రక్తం వచ్చింది. సన్న బ్రష్ బయటివైపు నుంచి మాత్రమే పెడుతున్నారు. అద్దం ఇచ్చి లోపలివైపు నుంచి పెట్టడం మళ్ళీ నేర్పాం, నెలలో తగ్గింది. ఏడాది ఎక్స్‌రేలో ఇంప్లాంటు అంచు దగ్గర ఎముక 0.6 మిల్లీమీటర్లు తగ్గింది. మొదటి ఏడాది ఆ మాత్రం తగ్గడం మామూలే, ఆ తర్వాత ఏటా 0.2 మిల్లీమీటర్లకు లోపు ఉంటే బాగున్నట్టు. హెచ్‌బీఏ1సీ మాత్రం 7.8కి పెరిగింది. పన్ను బాగుందన్న సంతోషంలో వరస పండుగలకు నోరు కట్టుకోలేదని ఆమే చెప్పారు. నాకు ఇప్పుడున్న దిగులు ఆ అంకె గురించే.

పని ముగిసిన రోజు ఆమెకు ఒక కార్డు ఇచ్చాం. ఇంప్లాంటు కంపెనీ పేరు, రకం, వ్యాసం, పొడవు, పెట్టె మీది లాట్ నంబరు స్టిక్కరు, పైన వాడిన భాగం పేరు, స్క్రూకు వాడే డ్రైవరు రకం అందులో ఉన్నాయి. చాలా కంపెనీల స్క్రూలకు వాటికి సరిపోయే డ్రైవరే పడుతుంది. స్క్రూ వదులైతే ఈ వివరాలు లేకుండా ఇంకో ఊరి డాక్టరు, ఇంకో దేశపు డాక్టరు విప్పడానికి చాలా తంటాలు పడాలి. మీ ఇంప్లాంటుకు ఇలాంటి కార్డు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. అంచనా కాగితంలో స్కాను, ఇంప్లాంటు, దాని మీది భాగం, పన్ను, ఎముక పొడి విడివిడిగా రాయించుకోండి, తర్వాతి పరీక్షలకు ఎంతవుతుందో కూడా అడగండి. ఈమె కార్డును కొడుకు ఫోనులో ఫోటో తీసుకుని దాచుకున్నారు. వచ్చే ఏడాది ఆమె ఆరు నెలలు న్యూజెర్సీలో ఉంటారట. నాలుగు నెలలకొకసారి చేయాల్సిన శుభ్రం, ఆ మధ్యలో వచ్చేది, అక్కడే చేయించమని రాసిచ్చాం, వచ్చేటప్పుడు హెచ్‌బీఏ1సీ కాగితం తీసుకురమ్మన్నాం.